వెనక్కి తిరిగి కూర్చున్న డ్రైవరు

చావు ఫ్లెక్సీల్లో మనుషులు మనవైపే చూస్తుంటారు. ఆధార్ కోసం దిగిన ఫోటోనో, ఎవరి పెళ్లిలోనో దిగినదాన్ని కత్తిరించో పెట్టి, చుట్టూ పూలదండ బొమ్మ వేసి, కింద కొడుకులు, కోడళ్లు, మనుమల పేర్లు వరుసగా రాయిస్తారు. మొన్న ఆదివారం సిరిసిల్లలో మా చిన్నమ్మ వాళ్ల గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోని ముసలాయన మాత్రం మనవైపు చూడడం లేదు. మెడ పక్కకు తిప్పి, ఫ్లెక్సీ అంచు దాటి అవతల ఉన్నదేన్నో చూస్తున్నాడు. కళ్లు చిట్లించి, నోరు కొద్దిగా తెరిచి, ఎవరినో పిలవబోతున్నట్టు ఉన్నాడు. భుజం పక్కన నీలం రంగు రేకు ముక్క ఒకటి ఫోటోలో మిగిలిపోయింది.

నేను ముందు గుర్తుపట్టింది ఆ రేకునే. తర్వాత ముఖాన్ని.

"చిన్నమ్మా, గీయన ఎప్పుడు పోయిండే?"

"నీకెట్ల ఎరుక గాయన?" అంది చిన్నమ్మ, పాల ప్యాకెట్లు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ.

"జగిత్యాల దిక్కు పార్కుల రైలు నడిపేటోడు గదా. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎక్కినమో."

"ఆఁ, గాయనే. దినాలు గూడ అయిపోయినయ్ బిడ్డా. పండుకున్నడు, తెల్లారి లేవలే. ఆ చెవుడుతోని ఎవరితోని ముచ్చట ఉండకపోయేది. అరుగు మీద కూసోని బజార్ల పోయే పోరగాండ్ల మొకాలు చూసుకుంట ఉండేటోడు. కొందరు తిట్టేటోళ్లు సుత, 'ఏం చూస్తున్నవ్ ముసలోడా' అని."

ఫ్లెక్సీ మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అప్పుడే మొదటిసారి చదివాను. ఇక్కడ రాయను. పార్కులో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మాకు ఆయన రైలు తాత. నిజానికి అప్పటికి తాత వయసు కూడా కాదు, జుట్టు తొందరగా నెరిసిందంతే.

నేను కోరుట్లలో ఉంటాను. మా పాపకు ఐదేళ్లు, యూకేజీ. సిరిసిల్ల నుంచి తిరిగొచ్చిన మర్నాడే బడి గ్రూపులో టీచరు మెసేజ్ పెట్టింది. శుక్రవారం పిల్లలను జగిత్యాల రోడ్డు మీది పార్కుకు పిక్నిక్ తీసుకుపోతున్నాం, కొత్త రైడ్లన్నీ ఎక్కిస్తాం, పంపేవాళ్లు చెప్పండి అని. ఆ శుక్రవారం రేపే. పాప, మా ఆయన పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పాపను పంపాలా, ఆపాలా అని ఎటు నుంచి ఆలోచించినా ఆ ముసలాయనే ఎదురవుతున్నాడు.

మా పుట్టిల్లు జగిత్యాల. పెద్ద పరీక్షలయ్యాక నాన్న మమ్మల్ని ఆ పార్కుకు తీసుకెళ్లేవాడు. ఒకప్పటి దొరల ఇంటి పెద్దాయన రోడ్డు పక్క మామిడితోట తీయించి పెట్టిన పార్కు అది. ఉయ్యాలలు, జారుడుబండ, బాతుల కుంట, సిమెంటు ఏనుగు ఉండేవి. కాని కొడిమ్యాల నుంచి, కోరుట్ల నుంచి ఆటోలు కట్టించుకుని జనం వచ్చేది రైలు కోసమే. నీలం రంగు ఇంజను, దానికి రేకు పొగగొట్టం, వెనుక పైకప్పు లేని నాలుగు డబ్బాలు. కుంట చుట్టూ తిరిగి, సిమెంటుతో కట్టిన సొరంగంలో దూరి, అటు నుంచి బయటపడి మళ్లీ ఎక్కిన చోటికే వచ్చేది. నడిచిపోయే మనిషి దాన్ని దాటిపోగలడు, అంత మెల్లగా.

తాత ఆ ఇంజను మీద అడ్డంగా కూర్చుని, ఒక కాలు బయటికి వేలాడేసి, మెడ మొత్తం వెనక్కి తిప్పి నడిపేవాడు. రైలు ముందుకు పోతుంటే ఆయన ముఖం మావైపు ఉండేది. కొన్నాళ్లకు మెడ నొప్పి పుట్టి, వెల్డింగ్ చేయించి సీటునే వెనక్కి తిప్పించుకున్నాడు. కొత్తగా వచ్చిన తండ్రులు అది చూసి భయపడేవాళ్లు.

"ఓ పెద్దమనిషీ, ముంగట చూసి నడుపవయా!"

"ముంగటేమున్నది సారూ? పట్టాలున్నయ్. పట్టాలిడిసి బండి ఏడికి పోతది? నా సామానంత ఎనుకనే ఉన్నది."

ఆయన మాట్లాడితే కొట్లాటకు వచ్చినట్టుండేది. పక్కన నిలబడ్డవాడితో కూడా రోడ్డుకు అటువైపున్న వాడితో మాట్లాడినట్టు అరిచేవాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. చిన్నతనం నుంచి సాంచల కార్ఖానాలో పనిచేసి చెవులు పోగొట్టుకుని, ఆ కార్ఖానా మూతబడ్డాక మా వైపు వచ్చాడట. సాంచలు నడుస్తున్నప్పుడు లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకని వాళ్లు మూతి కదలిక చూసి మాటలు పట్టుకుంటారు, చేతి సైగలతో పని నడుపుకుంటారు. ఒకసారి మా నాన్న మా అమ్మ చెవిలో, "గీయనకు జర పిచ్చి ఉన్నట్టుందే" అన్నాడు. ఇంజను దగ్గర నుంచి, "పిచ్చి లేదు సారూ, చెవుడే!" అని కేక వినబడింది. నాన్న గబుక్కున చేత్తో మూతి మూసుకున్నాడు.

మంచి మనిషి అని ఒక్క మాటలో చెప్పేలా ఉండేవాడు కాదు. పిల్లల పల్లీల పొట్లంలో అడగకుండా చెయ్యి పెట్టేవాడు. అంబర్ పొగాకు నములుతూ కుంటలోకి ఉమ్మేవాడు. అన్నిటికన్నా బుగ్గలవాడితో ఆయనకు రోజూ లొల్లి. బుగ్గలంటే బెలూన్లు. బుగ్గ పట్టుకున్న పిల్లను రైలెక్కనిచ్చేవాడు కాదు. పిల్లలు ఏడిస్తే బుగ్గలవాడు వచ్చి, "నా పొట్ట మీద కొడ్తవేందే చెవిటోడా" అనేవాడు. "పిల్ల మొకానికి అడ్డమొస్తది. కింద కట్టి పొమ్మను" అని తాత కదిలేవాడు కాదు. కరోనా తర్వాత పార్కు తెరిచినప్పుడు అందరూ మాస్కులతో వచ్చారు. మూతులు కనబడకపోతే బండి నడపనని ఆయన ఇంజను దిగి కూర్చున్నాడట. మాస్కు లేకపోతే ఎక్కించొద్దని దొర, మాస్కు ఉంటే నడపనని ఈయన. చివరికి ఎక్కేటప్పుడు మాస్కు ఉండాలి, బండి కదిలాక గడ్డం కిందికి జరపాలి అని రాజీ కుదిరిందని మా తమ్ముడు చెప్పి నవ్వాడు.

ఇంకొకటి సొరంగం. సొరంగం అంటే చీకటి ఉండాలని, అరవాలని పిల్లలకు ఆశ. మా సొరంగంలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ట్యూబులైట్లు ఉండేవి. పెద్ద దొర ఓసారి మా ముందే అడిగాడు.

"సొరంగంల లైట్లేంది వయా? పిల్లగాండ్లకు మజా రావద్దా?"

"మజా వస్తుందా లేదా నాకు కనబడాలె గద దొరా."

దొర నవ్వి ఊరుకున్నాడు. లైటు మాడిపోతే కొత్తది పెట్టేదాకా రైలు నడిచేది కాదు.

ఇక ఆ చెయ్యి. సాంచల కార్ఖానాలో అరచెయ్యి పైకి లేపితే బందు అని అర్థం. దారం తెగినా, వేలు చిక్కినా, ఎవరికి ఏమైనా లేపేది చెయ్యే. అది చూసినవాడు చేతిలో పని వదిలి సాంచ ఆపాలి. ఆ అలవాటు తాతతోపాటు రైలెక్కింది. డబ్బాల్లో ఎవరి చెయ్యి లేచినా ఆయన బండి ఆపేవాడు. దిగి, ఆ పిల్ల దగ్గరికి నడిచివచ్చి, వంగి ముఖం చూసేవాడు. పిల్లలేమో ఊరికే సంతోషం పట్టలేక చేతులు లేపేవాళ్లు. ఒక చుట్టు పూర్తయ్యేలోపు రైలు ఎన్ని చోట్ల ఆగేదో. కింద వరుసలో నిలబడ్డవాళ్లు విసుక్కునేవాళ్లు. కొందరు పోరగాళ్లు ఆయనను ఆడించడానికే లేపేవాళ్లు.

నేనూ లేపాను. మూడో తరగతిలోనో నాలుగులోనో. సొరంగం మధ్యలో ఆపిస్తే చూద్దామని పక్కనున్న మా మేనత్త కూతురు పందెం కాసింది. లేపగానే ఇంజను గుర్రుమని ఆగింది. ట్యూబులైట్ల కింద ఆయన దిగి, గోడ పట్టుకుంటూ మా డబ్బా దాకా వచ్చాడు. తిడతాడనుకున్నాను. వంగి నా ముఖంలోకి చూశాడు. ఆ దగ్గరితనం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంబర్ వాసన, కళ్లలో ఎర్రజీరలు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం గాలే. ఊరికెనే."

"ఊరికెనేనా?"

"ఆఁ."

"మంచిగైంది. ఊరికెనే అయితే మంచిది" అని మళ్లీ గోడ పట్టుకుని ఇంజను దగ్గరికి పోయాడు. ప్రతి పిల్లకూ అదే మాట. కోపం లేదు, వెటకారం లేదు. గండం తప్పినవాడిలాగా ఊపిరి వదిలేవాడు.

డిగ్రీ చదివేటప్పుడు స్నేహితురాళ్లతో వెళ్లి ఒకసారి అడిగాను. "తాతా, పోరగాండ్లు మజాకు లేపుతరని నీకు ఎరుకే గదా. అయినా ఎందుకు ఆపుతవ్?"

మూతి చూసి మాట పట్టుకోవడానికి కాసేపు పట్టింది ఆయనకు. "మజాకు లేపినా, ఆపతికి లేపినా చెయ్యి ఒక్క తీరే ఉంటది బిడ్డా. దగ్గరికి పోయి మొకం చూస్తెనే తెలుస్తది. దగ్గరికి పోవాల్నంటె బండి ఆపాలె గద."

అంతకు మించి చెప్పలేదు. మొన్న చిన్నమ్మ అంది, వెనకటెప్పుడో ఆయన పనిచేసిన కార్ఖానాలో ఏదో జరిగిందని. పక్క సాంచ దగ్గర ఒకామె కొంగు బెల్టులో చిక్కిందని, ఆమె చెయ్యి లేపినప్పుడు ఈయన వీపు అటువైపు ఉందని. "ఎనుకకు తిరిగి చూసెటాళ్లకే అయిపోయిందట" అంది. ఎవరామె అని అడిగితే, "ఏమో బిడ్డా, ఆ ముచ్చట ఎవ్వలు తియ్యరు" అని గేటు వేసుకుంది. నిజమెంతో నాకు తెలియదు.

పెద్ద దొర పోయాక పార్కు ఆయన కొడుకు చేతికి వచ్చింది. ఆయనకు దొర అంటే నచ్చదు, సార్ అనాలి. పాత రైలును చూడ్డానికి ఎవరొస్తారు, పక్క ఊళ్లలో ఎగ్జిబిషన్లకు కూడా డ్రాగన్లు, పడవలు వచ్చాయి అన్నాడట. సొరంగాన్ని జేసీబీ ఒక్కరోజులో కూల్చేసింది. ఆ చోట గొయ్యి తీసి, పెద్ద ఇనుప పడవ నిలబెట్టారు. ఉయ్యాలలా ఇటు ఆకాశానికి, అటు ఆకాశానికి ఊగే పడవ. లారీల్లో వచ్చిన పాత సామానే అది. ఎర్ర రంగు కొత్తగా కొట్టారు కాని, సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే ఆ రంగు కింద వేరే ఊరి పేరు, మనకు రాని అక్షరాల్లో, ఉబ్బి కనబడుతుంది. అక్కడి నుంచి దాన్ని ఎందుకు పంపించేశారో ఎవరూ అడిగినట్టు లేరు.

రైలు ఇంజనుకు చక్రాలు తీసి గేటు దగ్గర సెల్ఫీల కోసం పెట్టారు. వెనక్కి తిరిగిన సీటు అలాగే ఉంది. దాని మీద కూర్చుని ఫోటో దిగేవాళ్లు, "గీ సీటు ఉల్టా బిగించిండ్రు చూడు" అని నవ్వుకుంటుంటే నేనే విన్నాను.

తాతను మొదట పడవ గేటు దగ్గర టికెట్లు చింపడానికి పెట్టారు. పడవ పైకి లేవగానే స్పీకర్లలో పాట హోరెత్తుతుంది, మైకులో "చేతులు పైకి, పైకి!" అని కేక, పడవంతా చేతులు లేస్తాయి. సాంచల మధ్య బతికిన మనిషి అది చూసి ఏమైపోయాడో! ఆపు ఆపు అని ఆపరేటర్ మీదికి పోయేవాడట. సార్ వచ్చి, "గీడ చెయ్యి లేపుడంటె ఖుషి అన్నట్టు. నువ్వు గేటు దిక్కు మొకం పెట్టి కూసో" అని కుర్చీ తిప్పి వేయించాడు. తాత దాన్ని మళ్లీ పడవ వైపు తిప్పుకున్నాడు. వీళ్లు ఇటు, ఆయన అటు. చివరికి బండ్లు నిలిపే జాగాకు పంపేశారు.

పోయిన దసరా సెలవుల్లో మేం వెళ్లాం. మా ఆడబిడ్డ మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. "నేను ఎక్కిచ్చుకుంట వదినె, నువ్వు కిందనే ఉండు" అని పాపను తీసుకుని పడవెక్కింది. నాకు ఊగేవి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. కంచె పట్టుకుని నిలబడ్డాను. పడవ ఊపందుకుంది. పాట, కేకలు, చేతులు. మా పాప కూడా ఒక చెయ్యి లేపింది. నాకు నవ్వొచ్చింది.

పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. అంబర్ వాసన.

"గా పచ్చ గౌను పిల్ల నీ బిడ్డేనా?"

"అవును తాతా. నేను చిన్నప్పుడు నీ రైలు..."

ఆయన నా మూతి చూడడం లేదు. "ఆపించు" అన్నాడు.

"నవ్వుతుంది గద తాతా."

"పండ్లు కనబడుతున్నయ్. నవ్వుతలేదు. ఆపించు."

అప్పుడు చూశాను. పడవ పైకి పోయినా, కిందికి వచ్చినా మా పాప నోరు ఒకే తీరుగా తెరుచుకుని ఉంది. మిగతా ముఖాలు మారుతున్నాయి, పాపది మారడం లేదు. పక్కన మా ఆడబిడ్డ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. నేను అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. రెండు చేతులూ లేపి ఆపరేటర్ వైపు ఊపాను. నల్లద్దాలు పెట్టుకున్న ఆ మనిషి నన్ను చూశాడు. పళ్లన్నీ బయటపెట్టి తనూ చెయ్యి ఊపాడు. పాట ఇంకాస్త పెంచాడు.

తాత వంగి, కాలి చెప్పు తీసి విసిరాడు. అది పోయి నేరుగా ఆపరేటర్ చెవి మీద తగిలింది.

ఆపరేటర్ మిషన్ బందుపెట్టి, బూతులు తిడుతూ కంచె దాటి వచ్చి తాత కాలరు పట్టుకున్నాడు. పడవ ఆగింది అందుకే. ఆగడానికి కూడా చాలాసేపు పట్టింది. జనం గోల, "పైసలు వాపసియ్యున్రి" అని. నేను ఎక్కి పాప దగ్గరికి పోయాను.

ఆ పడవలో ఒక్కో వరుసకు అందరికీ కలిపి ఒకటే ఇనుప రాడ్డు. పైనుంచి దించితే ఒళ్లో పడి ఆపుతుంది. అది మా ఆడబిడ్డ తొడల మీద ఆగింది. పాప ఒడికీ రాడ్డుకూ మధ్య ఇంకో పిల్ల పట్టేంత సందు ఉంది. పాప ఆ సందులోంచి జారి, సీటు అంచు దాకా వచ్చి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని వేలాడినట్టు ఉంది. రెండో చెయ్యి ఇంకా దించలేదు. రాడ్డు మీది వేళ్లు విప్పితే అరచేతిలో తుప్పు గీతలు.

"నేనున్న గద వదినె పక్కపొంటి" అంది మా ఆడబిడ్డ, కళ్లు తెరిచి. తనకు ఏమీ తెలియదు పాపం.

కిందికి వచ్చేసరికి తాతను గేటు బయటికి నెట్టేశారు. పార్కులోకి మళ్లీ అడుగు పెట్టొద్దని సార్ అరుస్తున్నాడు. తాతకు అది వినబడి ఉండదు, మూతి చూసి ఉంటాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది. నేను పాపను ఎత్తుకుని దగ్గరికి పోయాను. ఆయన పాప ముఖంలోకి వంగి చూశాడు, చాలాసేపు. తర్వాత నాతో, "గా చెప్పు జర తెచ్చియ్యి బిడ్డా. కొత్తది" అన్నాడు. ఆపరేటర్ స్టూలు కింద నుంచి తీసుకొచ్చి ఇచ్చాను. తొడుక్కుని, రోడ్డు దాటి, సిరిసిల్ల వైపు బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడికి పోయి నిలబడ్డాడు. నేను ఆయనను చూడడం అదే ఆఖరు.

నేను సార్‌తో కొట్లాడాను. "ఇంతవరకు ఒక్కళ్లకు ఏం గాలే మేడమ్. మీ పాపకు గూడ ఏం గాలే గద" అన్నాడు. అయినా ఏమనుకున్నాడో, తర్వాత నెలలో పడవ ముందు పెద్ద బోర్డు వెలిసింది: చిన్నపిల్లలు తప్పనిసరిగా పెద్దవారి పక్కన కూర్చోవలెను. మళ్లీ పోయి చెప్పాను. "సార్, పెద్దవాళ్ల పక్కన కూసుంటెనే రాడ్డు వాళ్ల తొడల మీద ఆగుతది. పిల్లల దాకా రాదు. పిల్లలను అసలే ఎక్కించకుండ్రి."

"పెద్దోళ్లు లేకుంట చిన్నపిల్లలను ఒక్కళ్లనే ఎట్ల కూసోబెడ్తం మేడమ్? అప్పుడు మీరే లొల్లి చేస్తరు" అని నవ్వాడు. ఆఫీసులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. అది వాళ్లకు ఎంతో సబబుగా ఉంది. వినేవాళ్లెవరికైనా అలాగే ఉంటుంది.

మా ఇంట్లో నా మాటకు విలువ తక్కువ. అది నా పుణ్యమే. గ్యాసు రెండుసార్లు చూస్తాను, బడి ఆటో ఆలస్యమైతే డ్రైవరుకు ఫోన్లు చేస్తాను, పాపకు ముద్దలోని చేపముల్లు వెతికి వెతికి ముద్ద చల్లార్చేస్తాను. ఇన్నిటికి చెయ్యి లేపేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

"అప్పుడేమైంది? ఏం గాలే గద" అన్నాడు మా ఆయన సాయంత్రం. "క్లాసుల పిల్లలందరు పోతున్నరు. మనదొక్కతి ఇంట్ల కూసోని ఏడుస్తె మంచిగుంటదా? నీ ఫికరు దానికి గూడ అంటవెట్టకు."

అదీ నిజమే అనిపించింది. మధ్యే మార్గంగా గ్రూపులోనే టీచరుకు మెసేజ్ పెట్టాను: పాపను పంపుతాను, దయచేసి పడవ మాత్రం ఎక్కించకండి, రాడ్డు పిల్లలకు ఆనదు. టీచరు బొటనవేలు బొమ్మ పెట్టింది. నా మెసేజ్‌కు పైన ఒకామె, టిఫిన్ డబ్బాలో స్పూన్ పెట్టాలా అని అడిగింది. దానికీ అదే బొటనవేలు. నాది చదివిందో లేదో ఆ వేలును చూసి ఎలా తెలుసుకోను?

అన్నం తినిపిస్తూ పాపకు నచ్చజెప్పాను.

"ఆడ డ్రాగన్ ఎక్కు, ఉయ్యాల ఊగు, పడవ మాత్రం ఎక్కకు బిడ్డా."

"ఎందుకమ్మా? మావాళ్లందరు ఎక్కుతరు."

"దసరాకు భయపడినవ్ గదా, యాది లేదా?"

"జర్రంత భయమైంది. గిప్పుడు కాదమ్మా, నువ్వు ఫికరు చెయ్యకు. చిన్నపిల్లల పక్కన పెద్దోళ్లు కూసోవాల్నని ఆడ బోర్డున్నదట. నా పక్కన మా టీచరే కూసుంటనన్నది."

ముద్ద కంచంలో పెట్టేసి ఎడమచేత్తో ఫోన్ తీసుకున్నాను.

టీచరుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. గ్రూపులో పెద్దగా, వివరంగా రాసి పెట్టాను. కింద ఎవరో నవ్వే బొమ్మ ఒకటి పెట్టారు. మరొకామె, భయపెట్టకండి అక్కా, పిల్లలు ఎంత ఆశపడుతున్నారో అని రాసింది. ఆ తర్వాత టోపీలు, నీళ్ల సీసాల మెసేజ్‌లు వచ్చి నాది పైకి, కనబడనంత పైకి పోయింది.

పాపను రేపు బస్సు ఎక్కించను. అది తేలిపోయింది. కాని పాపను ఇంట్లో ఉంచితే ఒక్క పాప ఆగుతుంది, బస్సు ఆగదు. ఆ వరుసలో పాప చోట ఇంకొక పిల్ల కూర్చుంటుంది, పక్కన టీచరు కూర్చుంటుంది, రాడ్డు దించుతారు. ఆ బస్సు కన్నా ముందు నేను ఆ పార్కు గేటు దగ్గర ఉండాలి.

ఇప్పుడే బయటికి పోయి స్కూటీలో పెట్రోలు చూసి వచ్చాను. పోవడానికి సరిపోతుంది.